దాణా గదిలో బరువు మిషను

కారిమంగళం పక్కన మా ఊరి పాల సొసైటీలో పాలు పరీక్ష చేసేది నేను. పద్నాలుగేళ్లుగా అదే పని. పొద్దున ఐదున్నరకు ఒకసారి, సాయంత్రం నాలుగున్నరకు ఒకసారి క్యాన్లు వరుసలోకి వస్తాయి. ఒక్కో క్యాన్‌లోంచి గరిటెడు పాలు తీసి ఎంత వెన్న ఉందో, ఎన్ని నీళ్లు కలిశాయో చూస్తాను. పాలు పోయడానికి వచ్చేవాళ్లంతా మాకు చుట్టాలో, చుట్టాల్లాంటివాళ్లో. అయినా నేను వాళ్ల ముఖం చూడను, క్యానే చూస్తాను. ఆవుకు ఒంట్లో బాగాలేదు, పాలు పలచగా ఉంటాయి అని ఎవరైనా ముందే చెప్పుకుంటే వాళ్ల క్యాను రెండుసార్లు చూస్తాను. ఈ అలవాటు సొసైటీ గుమ్మం దగ్గర ఆగేది కాదు. నాతోపాటు ఇంటికీ వచ్చేది.

నలభై మూడో ఏట నా బరువు నూటపద్నాలుగు కిలోలు. షుగరు ఉంది, మోకాళ్లు అరిగిపోయాయి, సొసైటీ మెట్లు మూడే అయినా రెండోదాని మీద ఆగి ఊపిరి తీసుకునేదాన్ని. చివరికి సేలంలో ఒక ఆస్పత్రిలో కడుపును చిన్నది చేసే ఆపరేషను చేయించుకున్నాను. సంచిలాంటి కడుపులో చాలా భాగం తీసేసి గొట్టంలా మిగిల్చారు. ఊళ్లో మాత్రం పిత్తకోశంలో రాళ్లని చెప్పించాను. తిండి తగ్గించుకోలేక కోయించుకుంది అనే మాట పడటం నాకు ఇష్టం లేకపోయింది. ఆ అబద్ధం వల్ల తరువాత నన్ను చూసి ఎవరు గుసగుసలాడినా, వీళ్లకు తెలిసిపోయిందేమో అనుకునేదాన్ని.

ఇంటికి పంపే రోజు ఆస్పత్రిలో డైటీషియన్ అమ్మాయి నా పక్కన కూర్చుని అన్నీ అరవంలో నిదానంగా చెప్పింది. మొదట రెండు వారాలు నీళ్లలాంటి ఆహారమే, తరువాత మెత్తగా నలిపినవి, ఆపైన మామూలువి, కొంచెం కొంచెంగా. పప్పు, గుడ్డు, పెరుగు తప్పకూడదు. బరువు మాత్రం వారానికి ఒకసారే చూసుకోవాలి. ఒకే రోజు, ఒకే వేళకు, బాత్రూముకు వెళ్లి వచ్చాక, ఏమీ తినకముందు, ఒకే రకం బట్టలతో. రోజూ చూస్తే ఒంట్లోని నీరు ఎక్కడం దిగడమే కనిపిస్తుంది, మనసు పాడవుతుంది అంది. నేను తల ఊపాను. లోపల మాత్రం, వారానికి ఒక్కసారి పాలు పరీక్ష చేసే సొసైటీ ఉంటే ఆ పాలు ఎట్లా ఉంటాయో అనుకున్నాను. ఆపరేషను పనిచేయకపోతే ఆ సంగతి నాకు ఆలస్యంగా తెలియాలని వీళ్లు ఇట్లా చెబుతున్నారేమో అని కూడా అనుకున్నాను.

ధర్మపురి బస్టాండు దగ్గర అంగట్లో మా ఆయన బరువు మిషను కొన్నాడు. బ్యాటరీది వద్దు, అది లోపల ఏం లెక్క వేస్తుందో తెలియదని నేనే ముల్లు ఉన్నది తెమ్మన్నాను. పైన గాజు కింద అంకెలు, నిలబడితే ముల్లు తిరుగుతుంది. ఎవరూ ఎక్కనప్పుడు ముల్లు సున్నా మీద లేకపోతే సరిచేసుకోవడానికి వెనక పక్క ఒక చిన్న పళ్ల చక్రం ఉంటుంది. దాన్ని పశువుల దాణా మూటలు పెట్టే గదిలో పెట్టించాను. ఇంట్లో నేల సమంగా ఉండేది అక్కడే. పైగా ఆ గదికి తలుపు ఉంది.

వారం అన్నది మొదటి వారంలోనే పోయింది. రోజూ పొద్దున సొసైటీ నుంచి రాగానే ఎక్కేదాన్ని. తరువాత స్నానానికి ముందు, స్నానం తరువాత, అంబలి తాగాక, సాయంత్రం సొసైటీకి పోయేముందు. రోజుకు ఐదుసార్లు. ఒక గ్లాసు నీళ్లు తాగితే ముల్లు తన మందం అంత కదులుతుందని కనిపెట్టాను. ప్రతి అంకెనూ ఒక నోటుబుక్కులో రాసుకునేదాన్ని, అదీ అంకెల్లో కాదు, తెలుగు అక్షరాల్లో. చిన్నప్పుడు కుప్పం దగ్గర మా అమ్మమ్మ ఇంట్లో ఉండి రెండేళ్లు చదివినందువల్ల నాకు తెలుగు రాయడం వచ్చు. మా ఇంట్లో అందరూ మాట్లాడేది తెలుగే, చదవడం మాత్రం నా ఒక్కదానికే తెలుసు. ఎవరి కంట పడినా ఎవరికీ అర్థం కాని పుస్తకం అది.

మొదటి మూడు వారాలు ముల్లు పరుగెత్తుకుంటూ దిగింది. ఆ తరువాత ఒకచోట ఆగింది. ఎనిమిది రోజులు ఆగింది. ఒకరోజు అర కిలో పైకి కూడా వచ్చింది. అప్పుడు నేను మొదట మిషనునే అనుమానించాను. ఎక్కేముందు సున్నా చూసేదాన్ని, దిగాక మళ్లీ చూసేదాన్ని, వెనక చక్రాన్ని కొంచెం ఇటు, కొంచెం అటు తిప్పి మళ్లీ సున్నాకు తెచ్చేదాన్ని. మిషను తప్పు లేదని తేలాక మా అత్తను అనుమానించాను.

మా అత్త అంటే మా ఆయన తల్లి మాత్రమే కాదు, మా నాన్నకు సొంత అక్క. పుట్టినప్పటి నుంచీ నాకు అత్తే. డెబ్భై దాటినా నాలుగు ఆవుల పని చేస్తుంది. ఆపరేషను తరువాత నాకు అంబలి, మజ్జిగ, పప్పు నీళ్లు చేసి ఇచ్చేది ఆమే. గ్లాసు నా చేతికి ఇచ్చి, అది ఖాళీ అయ్యేవరకు గుమ్మం దగ్గరే నిలబడేది. అట్లా నిలబడటం నాకు అనుమానం తెప్పించింది. నేను చిక్కిపోవడం చూడలేక అంబలిలో నెయ్యి కలుపుతోందని అనుకున్నాను. ఒకరోజు ఆమె ఇచ్చిన మజ్జిగను తాగినట్టు చేసి, చిన్న సీసాలో పోసుకుని సొసైటీకి తీసుకుపోయి, అందరూ వెళ్లిపోయాక పాలు పరీక్షించే మిషనులో పెట్టి వెన్న చూశాను. వెన్న దాదాపు లేదు. చిలికి, తీసి, నీళ్లు పోసిన మజ్జిగ. ఆ అంకె చూసి సిగ్గు పడాల్సింది. నేను మాత్రం, ఈ రోజు కలపలేదు, నిన్న కలిపి ఉంటుంది అనుకున్నాను.

దానితో ఆమె ఇచ్చేది తాగడం తగ్గించేశాను. గ్లాసు తీసుకుని దాణా గదిలోకి పోయి ఆవుల తొట్టి నీళ్లలో కలిపేసేదాన్ని. ముల్లు ఆగిన రోజుల్లో నీళ్లు మాత్రమే తాగి ఉండిపోయేదాన్ని. దువ్వెనలో జుట్టు గుత్తులుగా వచ్చేది. సొసైటీలో లేచి నిలబడితే క్యాన్లు రెండేసి కనిపించేవి. అవన్నీ ఆపరేషను వల్ల వచ్చేవేనని నాకు నేనే చెప్పుకున్నాను.

తరువాత ముల్లు మళ్లీ దిగడం మొదలుపెట్టింది. ఇంతకుముందులా పరుగు కాదు. రెండు మూడు రోజులకు ఒకసారి, వెంట్రుక వాసి, ఒక్కోసారి పావు కిలో. ప్రాణం లేచి వచ్చినట్టయింది. దిగిన రోజు అత్త ఇచ్చిన గుడ్డు, పెరుగు తినేదాన్ని, పప్పు రెండు గరిటెలు అడిగి వేయించుకునేదాన్ని. జుట్టు రాలడం ఆగలేదు కానీ కళ్లు తిరగడం తగ్గింది. ఇక్కడ ఒక్క మాట ఒప్పుకోవాలి. సొసైటీలో రోజూ కాటా సున్నా చూసుకోకుండా పని మొదలుపెట్టని నేను, ఆ రెండు నెలల్లో ఖాళీ మిషను వైపు ఒక్కసారీ చూడలేదు. అనుమానమంతా ముల్లు ఎక్కినప్పుడే. దిగుతున్నప్పుడు నాకు అందరి మీదా నమ్మకమే.

మూడు నెలలకు సేలం పోయాం. ఆస్పత్రి మిషను ఎనభై తొమ్మిదిన్నర చూపించింది. ఆ పొద్దున ఇంట్లో ఎనభై ఆరు. నర్సుతో మీ మిషను తప్పు అన్నాను. ఆమె నన్ను పక్క గదిలో ఇంకో మిషను ఎక్కించింది. అదీ ఎనభై తొమ్మిదిన్నరే. డైటీషియన్ అమ్మాయి నా నోటుబుక్కు అడిగింది, చదవలేక నన్నే చదవమంది. నేను చదువుతూ పోతుంటే ఒక పేజీ అయ్యాక ఆపి, ఇదంతా ఒక్క రోజుదా అని అడిగింది. అవునన్నాను. రక్తంలో ప్రొటీను తక్కువగా ఉందని రిపోర్టు చూపించి, అక్కా, మీరు తింటున్నారా, బరువు చూసుకుంటున్నారా అంది. నాకు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. మూడున్నర కిలోలు నా దగ్గర ఎవరో దొంగిలించినట్టు అనిపించింది.

ఇంటికి రాగానే కాళ్లు కూడా కడుక్కోకుండా దాణా గదిలోకి పోయాను. ఖాళీ మిషను మీద ముల్లు సున్నాకు ఇవతల, మూడు కిలోలకు పైగా వెనకాల నిలబడి ఉంది. మా ఆయనను పిలిచి కుట్టు విప్పని యాభై కిలోల దాణా మూట దాని మీద నిలబెట్టించాను. నలభై ఏడు కన్నా తక్కువ. మా ఆయన మిషను చెడిపోయింది, మార్చుకుందాం అన్నాడు. ఆ మాట చాలా త్వరగా అన్నాడని నాకు అనిపించింది. ఆపరేషను వద్దని మొదట అన్నవాడు, తరువాత బంధువుల దగ్గర డాక్టరు గొప్పవాడని చెప్పుకున్నవాడు ఆయనే. ఆపరేషను బాగా పనిచేసిందని నన్ను నమ్మించాలని ఉందేమో. లేదా నేను రోజూ సణిగే సణుగుడు ఆగితే చాలనుకున్నాడేమో. ఆయన మూట దించి చేతులు దులుపుకుంటుంటే ఆ చేతులనే చూస్తూ ఉన్నాను.

ఎవరికీ చెప్పకుండా సున్నా సరిచేసి, వెనక చక్రం మీదా, దాని పక్కన రేకు మీదా కలిపి కుంకుమతో సన్నని గీత పెట్టాను. చక్రం కదిలితే గీత రెండుగా విడిపోతుంది. రెండు రోజులు గీత గీతలాగే ఉంది. ఆ రెండు రోజులూ రిపోర్టు చూసిన భయంతో నేను బాగానే తిన్నాను. మూడో రోజు ఎనభై తొమ్మిదిన్నర అంకెను మళ్లీ నా ఇంట్లోనే చూసి, తట్టుకోలేక, పొద్దున నుంచి ఏమీ తినలేదు. అత్త తెచ్చిన పప్పు గిన్నె రాత్రి వరకు మూత పెట్టే ఉంది. నాలుగో రోజు సొసైటీ నుంచి వచ్చి చూస్తే గీత విడిపోయి ఉంది. ముల్లు సున్నాకు వెంట్రుక వాసి వెనక.

నేను తినని మరునాడే చక్రం తిరుగుతుందని నాకు ఆ క్షణంలో తట్టింది. అయినా కళ్లతో చూడకుండా నమ్మలేకపోయాను. ఆ రోజూ ఏమీ తినలేదు, కావాలనే. మరునాడు తెల్లవారుతుండగా సొసైటీకి బయలుదేరినట్టు బయలుదేరి, పరీక్ష సీసాలు మరిచిపోయానన్న సాకు మనసులో సిద్ధం చేసుకుని, ఆవుల కొట్టం పక్క నుంచి వెనక్కి వచ్చాను. దాణా గది తలుపు ఓరగా తీసి ఉంది. మా అత్త నేల మీద ఒక చేయి ఆనించి, నడుము పట్టినట్టు మెల్లగా వంగి, బొటనవేలితో చక్రాన్ని తిప్పుతోంది. ముల్లు కనిపించక ముఖం గాజుకు దగ్గరగా పెట్టింది. చదువు రాని మనిషి. ఆ అంకెల్లో ఏది ఎనిమిదో ఏది తొమ్మిదో ఆమెకు తెలియదు.

"ఏం చేస్తా ఉండావు అత్తా?" అన్నాను.

ఆమె ఉలిక్కిపడలేదు. మూటను పట్టుకుని లేచి, చేతికి అంటిన కుంకుమ చూసుకుని, చీర చెంగుకు తుడుచుకుంది.

"నువ్వు చూసిందే చేస్తా ఉండాను."

"ఎన్నాళ్ల నుంచి?"

"నువ్వు నా మజ్జిగ తొట్టిలో పోసినప్పటి నుంచి," అంది. "ఆవు తొట్టిలో తెల్లగా తేలితే నాకు కనపడదా పాపా? ముల్లు ఆ పక్క ఉంటే నువ్వు తినవు. ఈ పక్క ఉంటే తింటావు. నాకు తెలిసింది అంతే. నువ్వు చక్రం తిప్పేది చూసి నేర్చుకున్నాను."

నా నోట వచ్చిన మాటలు మంచివి కావు. డాక్టరు దగ్గర నన్ను అబద్ధాలకోరును చేసినావని, నా ఒంటితో ఆడుకున్నావని అన్నాను. ఆమె అంతా విన్నది. నిన్నటి గిన్నె, మొన్నటి గిన్నె కలిపి రెండు గిన్నెలు తాకకుండా ఉన్నాయని మాత్రం అంది. చెయ్యకూడని పని అని తనకు తెలుసునని, నా పక్కన కూర్చుని తినిపించే వయసు నాకు దాటిపోయింది కాబట్టి చేసిందని అంది. చెప్పేసి పేడ తట్ట తీసుకుని కొట్టంలోకి వెళ్లిపోయింది.

నాలుగు రోజులు ఆమెతో మాట్లాడలేదు. మా ఆయనకు చెబితే, అమ్మ ఆ గదిలో వంగి ఉండటం ఒకటి రెండుసార్లు చూశాననీ, ఊడుస్తోందనుకున్నాననీ అన్నాడు. ఆ మాట నేను పూర్తిగా నమ్మలేదు. ఇప్పటికీ నమ్మను. కానీ అడగడం మానేశాను.

ఐదో రోజు డైటీషియన్‌కు ఫోన్ చేశాను. చక్రం సంగతి చెప్పాను. ఆమె అత్తను తిట్టలేదు, నన్నూ తిట్టలేదు. మూడు నెలల్లో ఇరవై నాలుగు కిలోలకు పైగా తగ్గారు, అది తక్కువ కాదు అంది. ఒకచోట ఆగడం అందరికీ జరిగేదే, ఆ రోజుల్లో తినడం ఆపితే కండ కరిగిపోతుంది, కొవ్వు కాదు అంది. పూర్తిగా చూసుకోకుండా ఉండటమూ మంచిది కాదట. కొందరు భయపడి మిషను అటకెక్కిస్తారు, ఏడాదికి దించి చూసేసరికి సగం బరువు తిరిగి వచ్చి ఉంటుందట. అందుకే వారానికి ఒకసారి. మిగతా ఆరు రోజులు మిషను మీకు అందకుండా ఎవరి దగ్గరైనా పెట్టండి, మీరు నమ్మేవాళ్ల దగ్గర అంది.

నమ్మేవాళ్లు ఎవరని ఫోన్ పెట్టాక చాలాసేపు ఆలోచించాను. మా ఆయన దగ్గర పెడితే అడిగిన వెంటనే ఇచ్చేస్తాడు. అడిగినా ఇవ్వని మనిషి ఇంట్లో ఒక్కరే. మిషను చంకలో పెట్టుకుని పోయి అత్త మంచం దగ్గర దించాను.

"గురువారం పొద్దున ఇయ్యి. మిగతా రోజుల్లో నేను కాళ్ల మీద పడినా ఇయ్యద్దు. చక్రం మాత్రం తాకద్దు."

"నేనేంటికి తాకుతాను," అంది. "నువ్వు తింటే నాకు దాంతో ఏం పని?"

దాన్ని మంచం కిందికి తోసి, ముందర తన ఇనుప పెట్టె అడ్డం పెట్టింది. మొదటి రెండు వారాలు నరకం. మధ్యాహ్నం ఆమె కొట్టంలో ఉన్నప్పుడు ఒకసారి పెట్టె జరపబోయాను. దానికి తాళం వేసి మంచం కాలికి గొలుసు కట్టేసి ఉంది. నా మీద నమ్మకం లేనందుకు కోపం రావాలి. నాకు ఎందుకో ధైర్యం వచ్చింది. గురువారం గురువారం మధ్య ముల్లు ఏం చేసిందో నాకు తెలియలేదు. తెలియని రోజుల్లో గిన్నెలో ఏముంటే అది తిన్నాను.

అట్లా నాలుగైదు గురువారాలు గడిచాక, నేను దిగగానే ఆమెనూ ఎక్కమన్నాను. జీవితంలో ఎప్పుడూ బరువు చూసుకోలేదట. చెప్పులు విడిచి, గుళ్లోకి పోయినట్టు ఎక్కింది. నలభై ఆరు. వారం తరువాత నలభై ఐదున్నర. ఇంకో మూడు వారాలకు నలభై నాలుగు. మా ఇళ్లలో బరువును అరవం మాటతో ఎడ అంటారు. ఎడ తగ్గితే మంచిదే గదా, నువ్వు దానికే గదా కోయించుకున్నావు అంది. నాకు మాత్రం అనుమానం మొదలైంది. ఆమె ఎప్పటిలాగే రెండు ముద్దలు సంగటి తింటోంది. చెంబు చెంబు నీళ్లు తాగుతోంది. తెల్లవారేలోపు మూడుసార్లు పెరట్లోకి పోతోందని మా ఆయన అన్నాడు. ఇన్ని గురువారాల అంకెలు లేకపోతే వయసు మీద పడుతోందని అనుకుని ఊరుకునేవాళ్లం.

ధర్మపురికి డాక్టరు దగ్గరికి పోదామంటే ఒప్పుకోలేదు. చివరికి మిషను వైపు చూస్తూ నిదానంగా అంది.

"చక్రం నువ్వు తిప్పినావేమో. నాకేం తెలుసు."

నేను మూట ఎక్కించి చూపించాను. యాభైకి యాభై. ఆమెకు అంకెలు రావు కాబట్టి మా ఆయనను పిలిపించుకుని అడిగి, ఆయన చెప్పాక కూడా కాసేపు ఆలోచించి, అప్పుడు చీర మార్చుకుంది.

షుగరు. చాలా ఎక్కువగా ఉంది. ఇన్నాళ్లు ఎట్లా పని చేస్తున్నారని డాక్టరు అడిగితే, చేస్తా ఉండాను అంతే అని చెప్పింది. మాత్రలు ఇచ్చారు, తినే వేళలు మార్చారు. మాత్ర మింగిందో లేదో అని నేను గుమ్మం దగ్గర నిలబడితే మొదట్లో విసుక్కునేది. తరువాత నోరు తెరిచి చూపించడం అలవాటు చేసుకుంది. మూడు నెలల్లో రెండు కిలోలు తిరిగి వచ్చాయి.

ఆపరేషను అయి ఇప్పటికి రెండేళ్లు దాటింది. నా బరువు డెబ్భై రెండు దాకా దిగి, పోయిన వానాకాలం డెబ్భై ఐదుకు ఎక్కింది. ఎక్కిన వారం పడుకోలేదు. కానీ తినడం మానలేదు. సాయంత్రం సొసైటీ నుంచి వచ్చాక వేరుశనగలు నములుతున్నానని పట్టుకుని, వాటిని మానేసి, చెరువు గట్టు దాకా నడవడం మొదలుపెట్టాను. రెండు నెలలకు డెబ్భై మూడు. సేలంలో ఇక నెలకు రెండుసార్లు చూసుకున్నా చాలన్నారు. నేను గురువారమే ఉంచుకున్నాను, ఆమె కోసం. ఊళ్లో పిత్తకోశం కథను కూడా ఈ మధ్యే వదిలేశాను. సొసైటీలో ఒకామె, నీలాగా సన్నబడాలంటే ఏం తినాలి అని అడిగితే, నిజం చెప్పాను. ఆమె నమ్మలేదు.